ఆ రోజు బ్యాటరీకి ఏమైందంటే

రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చేవాళ్ళతో నాకు ఎప్పుడూ పేచీయే. పెట్టె బల్ల మీద పెట్టకముందే రోగం పేరు చెప్పేస్తారు. వాల్వు పోయిందండీ అంటాడు ఒకడు, స్పీకరు కాలిపోయిందండీ అంటాడు ఇంకొకడు. అంతా నీకే తెలిస్తే నా దగ్గరికెందుకొచ్చావయ్యా అని కసురుకుంటాను. పెట్టె పలకకపోతే ముందు చూడవలసింది దానికి కరెంటు సరిగ్గా అందుతోందా లేదా అని. కూడు లేక పడిపోయినవాణ్ణి పట్టుకుని గొంతు చూస్తానంటే ఏమనాలి? లడాయి రోజుల్లో పట్టాళంలో వైర్‌లెస్ పని నేర్చుకున్నప్పుడు మాకు మొట్టమొదట చెప్పిన పాఠం ఇదే. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. అది నిజంగా తలకెక్కింది మాత్రం నందపూర్‌లో, ఒక దసరా మర్నాడు.

ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి జయపురం ఎస్టేటు కొలువులో చేరాడు. ఆయన తర్వాత మా నాన్న అక్కడే ఆయుధాల గది కాసేవాడు. కత్తులు, బల్లేలు, మందు కూరి పేల్చే పాత తుపాకులు. వాడేది లేదు, పెట్టేది లేదు, తుప్పు పట్టకుండా చూడటమే ఉద్యోగం. దసరా వచ్చిందంటే మాత్రం నాన్న నడకే మారిపోయేది. అన్నీ బయటికి తీసి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేర్చేవాడు. అది అందరూ చేసేదే. నాన్న ఇంకొకటి చేసేవాడు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ప్రతి ఆయుధానికీ నోట్లో పోసేవాడు. కత్తికి మొన మీద, తుపాకీకి గొట్టంలో. ఏడాది పొడుగునా మనకి కూడు పెట్టేది ఇది, ఈ ఒక్క రోజూ మనం దానికి పెట్టాలి అనేవాడు. మర్నాడు పొద్దున్నే నూనెగుడ్డతో ఆ గొట్టాలన్నీ ఒక్కటొక్కటిగా తుడిచేవాడు. ఆ తుడవడం లోపల గదిలో జరిగే పని, మగవాళ్ళు చేసే పని. మా అమ్మ చూసిందల్లా పోయడం వరకే.

ఎస్టేటు పోయింది. ఆ దిగులుతోనే నాన్నా పోయాడు. నాకు వైర్‌లెస్ పని వచ్చు కాబట్టి సర్కారు కొలువు దొరికింది. మా తమ్ముడు డ్రైవింగు నేర్చుకుని కోరాపుట్‌లో అదే శాఖ జీపు నడిపేవాడు. అమ్మ నా దగ్గరే ఉండేది గానీ ప్రాణమంతా వాడి మీదే. నాకు దాంట్లో అసూయ ఏమీ లేదు. వాణ్ణి చూస్తే ఎవరికైనా అలాగే ఉండేది. గుమ్మంలోకి రాకముందే కేకలు, నవ్వులు. జీపు హారను మోగిస్తూ వీధంతా లేపేవాడు. వచ్చిన ప్రతిసారీ నా వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, "ఒరే అన్నా, ఇందులో ఒక్క పాటైనా రాదేట్రా?" అని నన్ను ఉడికించేవాడు.

నందపూర్ చివర పెంకుటిల్లు మా పోస్టు. ముందు గదిలో సెట్టు, వెనక గదిలో మా కాపురం, ఆ వెనక వసారాలో బ్యాటరీలు. కొండల్లో వాన ఎంత పడిందో, ఏట్లో నీరు ఎంత పెరిగిందో పొద్దున్నా సాయంత్రమూ కోరాపుట్‌కి చెప్పడం నా పని. మోర్సు మీటతో టకటకమని చెప్పేవాళ్ళం. వినే పెట్టె వేరు, చెప్పే పెట్టె వేరు. వినే పెట్టె టార్చిలైటులో వేసేలాంటి పొడి బ్యాటరీలతో నడిచేది. చెప్పే పెట్టెకి అది చాలదు. దానికి లారీల్లో ఉండేలాంటి యాసిడ్ బ్యాటరీలు కావాలి. వాటి కరెంటును పెంచి పెట్టెకు అందించడానికి మధ్యలో ఒక ఇనుప డబ్బా. పవర్ ప్యాక్ అనేవాళ్ళం. అది సవ్యంగా ఉన్నంతసేపూ లోపల తుమ్మెద దూరినట్టు రొద చేసేది. ఆ రొద వినబడితేనే అమ్మకి నేను డ్యూటీలో ఉన్నట్టు లెక్క.

ఆ యాసిడ్ బ్యాటరీల్లో నీళ్ళు తగ్గుతూ ఉంటాయి. సీసాల్లో వచ్చే శుద్ధమైన నీళ్ళు మాత్రమే పొయ్యాలి. నేను మూతలు తీసి పోస్తుంటే అమ్మ పక్కన నిలబడి చూసేది. "ఓలమ్మో, ఇది కూడా తాగుతాదేట్రా!" అని మొదటిసారి బుగ్గలు నొక్కుకుంది. తర్వాత తర్వాత బ్యాటరీలంటే ఆమెకి గొడ్డూగోదా మీద ఉండేలాంటి ఆపేక్ష పుట్టింది. ఆ ఏడు వానలకి దార్లు పాడై నీళ్ళ సీసాలు రాలేదు. బ్యాటరీలు ఎండిపోతున్నాయని నేను రోజూ సణుగుతూనే ఉన్నాను. ఆ బ్యాటరీలు కూడా కొత్తవేం కాదు. మార్చమని అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఊరుకున్నాను.

దసరా ముందు నుంచీ ముసురు. పండక్కి తమ్ముడు వస్తానని కబురు పెట్టి, డ్యూటీ పడి రాలేకపోయాడు. పండగ నాడు పనిముట్టు ముట్టకూడదు. కోరాపుట్ సెట్టుకీ పూలదండ పడింది కాబట్టి, పొద్దున్న లెక్క పంపేశాక సాయంత్రం లెక్క మాఫీ చేసుకున్నాం. మీట మీద చెయ్యి తీసేసి, సెట్టుకి బొట్టు పెట్టి, నేను బజారు పూజకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా సాంబ్రాణి పొగ. తిరగలికి, రోకలికి, కత్తిపీటకి బొట్లు. అమ్మ ముఖం వెలిగిపోతోంది. అన్నిటికీ పెట్టాను అంది. సరే మంచిదమ్మా అన్నాను. ఏమేం పెట్టావని నేనెందుకడుగుతాను?

మర్నాడు తెల్లవారాక ఛార్జింగు ఇంజను తిప్పాను. పెట్రోలు అడుగంటి అది కాసేపటికే దగ్గి ఆగిపోయింది. పోనీలే, ఈ పూటకి సరిపోతుందనుకుని వచ్చి సెట్టు ముందు కూర్చున్నాను. రాత్రంతా కురిసిన వాన లెక్క చాలా ఉంది. ప్యాకు స్విచ్చి వేస్తే రొద వచ్చింది. మీట నొక్కాను. రొద ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. వదిలితే మళ్ళీ వచ్చింది. నొక్కితే పోయింది. దీని దుంపతెగ అని ఫ్యూజు చూశాను. బాగానే ఉంది. తీగలు కదిపి చూశాను, బ్యాటరీ కొమ్ములు గీకి బిగించాను. అదే మూలుగు.

ఇంతలో వినే పెట్టెలో కోరాపుట్ పిలుపు మొదలైంది. అక్కడి ఆపరేటరు ఒడియా ఆయన. మనిషిని చూసింది తక్కువ గానీ ఆయన చెయ్యి నాకు బాగా తెలుసు, మీట మీద ఒక్క తప్పు రాదు. పిలిచాడు, ఆగాడు. మళ్ళీ పిలిచాడు. నేను విన్నాను. బదులు చెప్పలేను. వీధి అవతలి మనిషి మనల్ని పేరు పెట్టి పిలుస్తుంటే నోరు కట్టేసి కూర్చోబెట్టినట్టుంది. చివరికి ఆయనే ఒక నిశ్చయానికొచ్చి కబురు పంపాడు. ఇన్నిసార్లు పిలిచినా బదులు లేదు, మీ బ్యాటరీ పోయినట్టుంది. కొత్త బ్యాటరీ, పెట్రోలు ఇచ్చి జీపు పంపిస్తున్నాం. మీ తమ్ముడే తెస్తున్నాడు, అడిగి మరీ డ్యూటీ వేయించుకున్నాడు. సామాను ఎక్కించగానే బయల్దేరతాడు.

"ఏటంతన్నాదిరా పెట్టె?" అంది అమ్మ, గుమ్మంలోంచి.

"సిన్నోడు వస్తన్నాడట."

అమ్మ సంబరం చూడాలి. "సూసేవా? నిన్న పండక్కి పంపనేదు, ఇయ్యాల పంపుతన్నారు!" అంటూ లోపలికి పరిగెత్తి పొయ్యి రాజేసింది. వాడికి పప్పులో పులుసు పోసి వండితే ఇష్టం. చింతపండు నానెయ్యడానికి గిన్నె కోసం వెతుకుతున్న చప్పుడు నాకు వినబడుతోంది.

అప్పుడు వచ్చాడు ఆ మనిషి. సెమిలిగుడ వైపు కొండ ఊళ్ళో రైతు, దేశియా అనే కొండజాతి మనిషి. సంతకి అల్లం కావడి వేసుకుని చీకటి ఉండగానే బయల్దేరాడట. నిలువునా తడిసిపోయి మా వసారాలో కావడి దించి, మా బంట్రోతుతో వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పాడు. మా బంట్రోతు వాన కొలిచే డబ్బా చూసేవాడు, ఆ ప్రాంతం మనిషే. విని, నల్లబడ్డ ముఖంతో లోపలికి వచ్చాడు.

"బాబూ, దారిలో గెడ్డ మీద వంతెన ఉంది కదా. దాని కింద మట్టి అంతా తినేసిందట ఏరు. పైన రోడ్డు ఉన్నట్టే ఉందట. ఈయన కావడితో నడిస్తేనే ఊగిందట. బండి గాని ఎక్కిందా, అంతే."

అమ్మ చేతిలో గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాటలన్నీ వింది.

"సిన్నోడు ఆ దార్నే గదరా రావాలి?"

"ఆఁ."

"మరి రావద్దని సెప్పు. బేగి సెప్పు."

చెప్పడానికే కదమ్మా ఏడుస్తున్నాను అని అరిచాను. అరిచి, బంట్రోతు చేతికి ఎర్రగుడ్డ ఒకటి ఇచ్చి, పరిగెత్తు, వంతెన దగ్గర నిలబడి ఎవరొచ్చినా ఆపు అన్నాను. మంచి రోజుల్లోనే అది సగం పూట నడక. ఆ వానలో ఎప్పటికి చేరతాడు? అయినా పంచె ఎగగట్టి పరిగెత్తాడు. ఇంక నాకున్నది ఆ మీట ఒక్కటే. తమ్ముడు కోరాపుట్‌లో బండి ఎక్కేలోగా అందులోంచి ఒక్క మాట పోతే చాలు. రావద్దు. అంతే.

ప్యాకు మూత ఊడదీశాను. అందులో ఆగకుండా కొట్టుకునే ఒక రేకు ముక్క ఉంటుంది, దాని మొన కాలితే మూలుగే వస్తుంది. స్పేరు ముక్క వేశాను. మూలుగే. వాల్వు మార్చాను. మూలుగే. వోల్టుమీటరు తెచ్చి బ్యాటరీకి పెట్టాను. ముల్లు నిండుగా చూపించింది. చూశావా, బ్యాటరీ బాగానే ఉంది, దరిద్రమంతా ప్యాకులోనే ఉందని మళ్ళీ దాని మీద పడ్డాను. చెమటకి స్క్రూడ్రైవరు జారిపోతోంది. కోరాపుట్ నించి ఇంకో పిలుపు వచ్చింది. సామాను ఎక్కుతోందట. మీ అమ్మగారికి పండగ మిఠాయి కూడా కట్టించుకున్నాడు అని చెప్పాడు ఆయన. బుద్ధిమంతుడు, నా గుండె నిబ్బరం కోసమే చెప్పి ఉంటాడు.

అప్పుడు గుర్తొచ్చింది పట్టాళంలో చెప్పిన ఇంకో మాట. ఊరికే కూర్చున్న బ్యాటరీ చూపే లెక్క నమ్మకు, పని చెప్పి అప్పుడు కొలువు అని. మీట నొక్కి ఉంచి కొలవాలి. మీట ముందు గదిలో, బ్యాటరీ వెనక వసారాలో. ఒక్కణ్ణి.

"అమ్మా, రా. ఇక్కడ కూర్చో. నేను అరిచినప్పుడు దీన్ని నొక్కి పట్టుకో."

అమ్మ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఎప్పుడూ తాకని ఆ మీట మీద వేలు పెట్టి కూర్చుంది. నేను వసారాలోకి పరిగెత్తి మీటరు పెట్టి, నొక్కమ్మా అన్నాను. ముల్లు అమాంతం పడిపోయింది. వదులు అన్నాను. లేచింది. నొక్కు. పడింది. "అవతల ఆడికి ఇనపడ్డాదేట్రా?" అని లోపల్నించి అడుగుతోంది అమ్మ. వాడికి చెబుతున్నాననుకుంటోంది.

ఉన్నది ఆ రెండు బ్యాటరీలే, రెండింటిదీ అదే తీరు. మూతలు తీశాను. తీసేసరికి మూత అంచుల కింద ఎండిన నురగ, గోధుమరంగులో. లోపల నిండా నీళ్ళు. నా చేత్తో నేను పోసి నెల దాటింది, నిండా ఎలా ఉంటాయి? వంగి వాసన చూశాను. యాసిడ్ ఘాటు నాకు తెలుసు. ఇది అది కాదు. పులిసిన కల్లు వాసన.

"అమ్మా, ఈటిలో ఏటి పోసేవు?"

అమ్మ వచ్చి వసారా గుమ్మంలో నిలబడింది.

"కొబ్బర్నీలు. నిన్న దసరా గదేటి. నీలు నేక ఎండిపోతన్నాయని నువ్వే గదరా మొత్తుకుంతన్నావు. అన్నీటికీ సుక్కసుక్క పోసేను, ఈటికి మాత్రం కడుపు నిండా పోసేను. మీ అయ్య తుపాకులకి పోసేవోడు కాదేటి? సిన్నోడి జీపుకి నీలు పోసే కాడ పోయినేడు నానే పోసేను, దానికేటైనాది?"

జీపు రేడియేటరుకి ఏమీ కాలేదు, నిజమే. దీనికి ఎందుకవుతుందో ఆమెకి ఎవరు చెప్పారు? నాన్న మర్నాడు నూనెగుడ్డతో తుడిచేవాడని ఎవరు చెప్పారు? ఆమె నా ముఖం చూసింది, తెరిచి ఉన్న మూతలు చూసింది.

"అది తాగకూడదేట్రా?" అంది చిన్నగా.

నేను బజారుకి పరిగెత్తాను. కలప కంట్రాక్టరు లారీ ఒకటి వానకి చిక్కుకుని అక్కడ నిలబడి ఉందని తెలుసు. డ్రైవరు మన సాలూరు మనిషి. సంగతి సగం చెప్పేసరికే, "ఇంకా నాన్సుతావేటి గురూ, ఇప్పెయ్" అని వాడే బ్యాటరీ ఊడదీశాడు. గెడకర్రకి తాడేసి కట్టి, ముందు వాడు, వెనక నేను, బురదలో పడుతూ లేస్తూ తెచ్చాం. తీగలు తగిలించాను. తుమ్మెద రొద గదంతా నిండింది. మీట నొక్కాను. రొద ఆగలేదు.

జీపు ఆపండి, వంతెన పోయింది, జీపు ఆపండి. చెప్పి చెవులొగ్గాను.

ఆయన చెయ్యి మీట మీద తడబడటం నేను వినడం అదే మొదటిసారి. జీపు వెళ్ళి చాలాసేపయింది అన్నాడు. మనిషిని సైకిలు మీద వెనకాల పంపిస్తున్నాను అన్నాడు. జీపు వెనక సైకిలు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు!

"ఏటంతన్నాడు?" అంది అమ్మ.

"బయల్దేరిపోయేడట."

అమ్మ కొత్తగా వచ్చిన బ్యాటరీనీ, మోగుతున్న ఆ ఇనుప డబ్బానీ, వసారాలో మూతలు తీసి ఉన్న పాత బ్యాటరీలనీ మార్చి మార్చి చూసింది. ఆమెకి అక్షరం ముక్క రాదు గానీ తెలివి తక్కువ మనిషి కాదు. నేనేమీ చెప్పకుండానే మొత్తం కూడబలుక్కుంది. పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేవలేదు.

పొద్దు వాలాక బంట్రోతు తిరిగొచ్చాడు. ఎర్రగుడ్డ ఉండ చుట్టి చేతిలో పట్టుకున్నాడు. గుమ్మం ఎక్కకుండా వాకిట్లోనే వానలో నిలబడి చెప్పాడు. వాడు ఇవతల గట్టు చేరేసరికి అవతల మలుపులో జీపు కనిపించిందట. గుడ్డ ఊపాడట, అరిచాడట. ఏటి హోరులో ఏం వినబడుతుంది? జీపులోంచి తమ్ముడు కూడా చెయ్యి ఊపాడట. మా పోస్టు బంట్రోతు కదా, ఎదురొచ్చాడనుకున్నాడు. హారను కూడా కొట్టాడట. వంతెన మధ్యకి వచ్చేవరకూ అంతా బాగానే ఉందట.

మూడో నాటికి ఏటి వరద తీసింది. జీపు దొరికింది. సీటు వెనక తాళ్ళతో కట్టిన కొత్త బ్యాటరీ చెక్కుచెదరలేదు. తమ్ముణ్ణి కింద రాళ్ళ దగ్గర చూశారు. అక్కడే గట్టు మీద దహనం చేశాం. అమ్మని రానివ్వలేదు.

పై ఇంజినీరు బాబు విచారణకి వచ్చాడు. పెద్దమనిషి, ముఖం చూస్తేనే బాధపడుతున్నట్టు తెలుస్తోంది. సెట్టు ఎందుకు పలకలేదు అని అడిగాడు. బ్యాటరీలు పాతవి సార్, మార్చమని చాలాసార్లు అడిగాను అన్నాను. అది అబద్ధమేమీ కాదు. ఆయన తలూపి రాసుకోబోతుంటే అమ్మ లోపల్నించి వచ్చి ఎదురుగా నిలబడింది.

"పాతవి కాదు బాబూ. నాను పోసేను అందులో, కొబ్బర్నీలు. ముందు నాడు బాగానే పలికినాయి. నాను పోసినాకే సచ్చిపోనాయి. నా కొడుకు అందుకే పోనాడు. రాసుకోండి."

ఆయనకి తెలుగు కొంత వచ్చు. మిగతాది నన్ను అడుగుతాడేమోనని నేను నేల చూపులు చూశాను. ఆయన అడగలేదు. కలం మూసి, "అమ్మా, ఆ బ్యాటరీ పాతదే. అంతా భగవంతుడి రాత. మీరు లోపల కూర్చోండమ్మా" అన్నాడు. ఎంతో దయగా అన్నాడు.

"రాయరేటి?" అంది అమ్మ. "నా మాట రాయరేటి?"

రాయలేదు. ఇక అక్కడి నుంచి మా ఇంట్లో మొదలైంది నరకం. నరకమనే అంటాను. పరామర్శకి వచ్చిన ప్రతి మనిషికీ అమ్మ ఈ సంగతి మొదటి నుంచి చెప్పేది. కొబ్బర్నీలు పోసి నా కొడుకుని నానే సంపుకున్నాను అనేది. వాళ్ళేమో అయ్యో అలా అనకమ్మా, ఏట్లో మట్టి కొట్టుకుపోతే నువ్వేం చేస్తావు, రాతమ్మా రాత అనేవాళ్ళు. ఆమెకి ఒళ్ళు మండేది. "పోసింది నా సెయ్యి, రాతంతారేటి?" అని కొట్టడానికి వెళ్ళినంత పని చేసేది. తర్వాత నన్ను సెమిలిగుడకీ, అక్కడి నుంచి రాయగడకీ బదిలీ చేశారు. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఇదే. కొళాయి దగ్గర, సంతలో, బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషితో. నా పెళ్ళయింది. కాపురానికి వచ్చిన వారానికే నా భార్యకి చెప్పింది. పాపం ఆ పిల్ల కూడా అందరూ అన్నదే అంది. పెద్దావిడకి మతి చలించింది అని చుట్టుపక్కల అనుకోవడం మొదలుపెట్టారు. ఇంత చెప్పే మనిషి, తమ్ముడి కోసం ఒక్క చుక్క కన్నీరు కార్చగా నేను చూడలేదు. నాతో మాత్రం ఆ ఊసే ఎత్తేది కాదు. ఆ ఇంజినీరు బాబు ముందు నేనన్న మాట ఆమె విన్నది కదా.

రాయగడలో ఉన్నప్పుడు డ్యూటీ లేని వేళల్లో ఇంట్లోనే రేడియోలు బాగుచేసేవాణ్ణి. ఒక రోజు మధ్యాహ్నం పక్కింటివాళ్ళ పెట్టె విప్పి ముందు పెట్టుకున్నాను. అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"దానికేటి పోనాదిరా?"

"కరెంటు సాఫు చేసే డబ్బా ఒకటి ఉంటాదమ్మా. అది ఉబ్బిపోయింది. అందుకే గురగురమంటోంది."

"అదేనని నీకెలా తెలుసు?"

"తీసి వేరేది పెట్టేను. బాగా పలికింది. మరింక అదే కదా."

అమ్మ చాట కింద పెట్టింది.

"ఎవుల పెట్టె పాడైనా ఇలాగ గట్టిగా సెప్తావు గదా. మరి ఆ నాడు నీ బ్యాటరీకేటైనాదిరా పెద్దోడా? నాకు నచ్చచెప్పొద్దు. ఆ ఇంజినీరు బాబుకి సెప్పినట్టు సెప్పొద్దు. నీకు తెలుసు. నువ్వొక్కడివే ఎరుగుదువు."

చేతిలో కత్తెర కింద పెట్టాను. ఆమె దగ్గర నిజం దాచి బతికించుకోవడం కొడుకుగా నా ధర్మమనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె కళ్ళలోకి చూస్తే అది ధర్మంలా అనిపించలేదు.

"బ్యాటరీలు పాతవే అమ్మా. అది అబద్ధం కాదు. కానీ ఆ కొబ్బరినీళ్ళు పడకపోతే ఆ పొద్దున్న ఒక్క కబురు పంపేవి. ఒక్క కబురు చాలు. వాడు ఆగిపోయేవాడు."

"అయితే నాను పోసిందే."

"అవునమ్మా. నువ్వు పోసిందే."

లోపల్నించి నా భార్య గబగబా వచ్చి, ఏమిటండీ ఆ మాటలు, మీకేమైనా బుద్ధి ఉందా అని నా మీద విరుచుకుపడింది. అమ్మ చెయ్యెత్తి ఆమెని ఆపింది.

"ఊరుకో అమ్మి. ఆడు నా కొడుకు. ఆడొక్కడే నాను పిచ్చిదాన్ని కానన్నాడు."

తర్వాత అమ్మ ఆ నేల మీదే వెనక్కి గోడకి జారగిలబడి, "ఓరి సిన్నోడా, ఓరి నా తండ్రీ" అని నోరారా ఏడ్చింది. వాడు పోయాక మొదటిసారి. నేను దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రం దాకా వదల్లేదు.